అంపైర్ కుర్చీ

తమ్ముడు ఉపేందర్‌కు అన్న రాస్తున్నది.

ఇక్కడ పొద్దుటి నుంచి ముసురు. లోపలికి వస్తే దిగబడతాయని లారీలను డిపో బయట రోడ్డు మీదే ఆపారు. జామాయిల్ కట్టె తడిసి నల్లబడింది. తడి కట్టెను కొలిచి లాభం లేదని మేస్త్రీ కూలీలను ఇళ్లకు పంపేశాడు. నేను మాత్రం కొలతల టేపు జేబులో పెట్టుకుని రేకుల షెడ్డులో కూర్చున్నాను. తెరిపి ఇస్తే రెండు వరసలైనా కొలవొచ్చని. ఇచ్చేలా లేదు...

నువ్వు పోయి ఈ శ్రావణానికి రెండేళ్లు.

మొదటి ఏడు రాయాలనిపించలేదు. రాయడానికి ఏముంది? ఇప్పుడుంది. సుజాత సంగతి. నువ్వు పోయి తాళి తీసేనాటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు నిండలేదు. ఇకముందు ఆమె బతుకు ఏమిటన్న మాట ఇంట్లో ఎవరమూ పైకి అనలేదు గానీ, అందరి మనసుల్లో ఉన్న మాట అదే.

అది చెప్పాలంటే ముందు నీ బొమ్మల సంగతి చెప్పాలి. నవ్వకు. ఒకటి లేకుండా రెండోది అర్థం కాదు.

కాగితం మిల్లులో కొత్త మెషిన్ బిగించడానికి వచ్చిన తెల్ల ఇంజనీరు గెస్ట్‌హౌస్‌లో పొద్దుపోక నీకూ, నీతో పనిచేసే ప్రభాకర్‌కూ ఆ ఆట నేర్పాడు. వెళ్లేటప్పుడు పెట్టె మీకే వదిలేసిపోయాడు. వేలి కణుపంత సైనికులు, తుపాకులు, గుర్రాలు, ఫిరంగులు. ఎర్రకోట్లవాళ్లు నీకు, నీలికోట్లవాళ్లు ప్రభాకర్‌కు. ఆదివారమైతే నీ గదిలో మంచం మీద పాత తలుపు చెక్క పరిచి ఇద్దరూ యుద్ధం మొదలుపెట్టేవాళ్లు. అన్నం చల్లారినా లేచేవాళ్లు కాదు. నేను గుమ్మంలో నిలబడి చూస్తుంటే, "నీకెందుకే అన్నా గీ తలనొప్పి, పోయి పండుకో" అనేవాడివి.

నాకూ అట్లాగే అనిపించేది. పాచిక వేయడానికి అంత పెద్ద ఇంగ్లీషు నియమాల పుస్తకం ఎందుకా అని.

తర్వాత నీకు జ్వరం వచ్చింది. అది తలకెక్కింది. వారం తిరక్కుండా పోయావు. అది నీకు తెలిసిందే... తెలిసిందేనా? ఎవరిని అడగాలి?

సుజాత పినపాక వెళ్లలేదు. తల్లిగారింట్లో తల్లి లేదు, అన్న లింగయ్యా అతని భార్యాపిల్లలే. ఇక్కడైతే సారపాక ప్రైవేటు స్కూల్లో టీచరు పని ఉంది. అమ్మ పొమ్మనలేదు. నేను ఉండమనలేదు. నేను ఆమెతో ఏదైనా అనేది ఎక్కడ? మన ఇళ్లలో తమ్ముడి భార్య బావ ముందు కూర్చోదు, మొహం చూసి మాట్లాడదు. నువ్వున్నప్పుడూ అంతే, పోయాకా అంతే. మీ వదిన చేనుకు పోయిన రోజు నాకు అన్నం కావాలంటే, "అమ్మా, అన్నం" అని అమ్మకు చెప్పాలి. అమ్మ ఆమెకు చెప్పాలి. ఆమె కంచం పెట్టి తలుపు వెనక్కి పోవాలి. ఒకే కప్పు కింద ఉంటూ ఆమె గొంతు ఎట్లా ఉంటుందో నాకు సరిగా తెలియదంటే నమ్ముతావా?

నీ సంవత్సరీకం అయిన తర్వాతి ఆదివారం ప్రభాకర్ వచ్చాడు. బండి మీద ఒక మూట. నీ వాటా ఎర్రవాళ్లు మన ఇంట్లో ఉన్నారు కదా, తన నీలివాళ్లను పాత తువ్వాలలో చుట్టుకుని తెచ్చాడు. గుమ్మంలో పెట్టి, "గివి కూడా మీకాడనే ఉండనీ అన్నా. ఎర్రవి ఒక తాన, నీలివి ఒక తాన ఉంటే రెండూ ఎందుకు పనికొస్తయి?" అన్నాడు.

నేను మూట విప్పి చూశాను. ఒక్కొక్కడినీ దూదిలో చుట్టి పెట్టాడు. మూతి, కోటు గుండీలు కూడా కనపడుతున్నాయి. వాటిని అటక మీద పెడితే ఎలుకలు తప్ప ఎవరూ చూడరు.

"నాకు నేర్పుతవా?" అని అడిగాను.

ఎందుకు అడిగానో ఇప్పటికీ చెప్పలేను. ప్రభాకర్ నా మొహం చూశాడు. ఎగతాళి చేస్తున్నాననుకున్నట్టున్నాడు. తర్వాత చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు.

నువ్వు తలనొప్పి అన్నది నిజం తమ్ముడూ. ముందు అందరూ నడవాలి. తర్వాత పేల్చాలి. తర్వాత కలబడాలి. తర్వాత ధైర్యం పరీక్ష. ఒక జట్టులో ఇంతమంది పడిపోతే మిగతావాళ్లు నిలబడతారా, పారిపోతారా అని పాచిక వేయాలి. మనుషుల నడక వేరు, గుర్రాల నడక వేరు. రోడ్డు మీద ఎక్కువ, అడవిలో సగం, ఏరు దాటితే ఆ వంతంతా ఏట్లోనే. ప్రతి నియమం కింద చిన్నక్షరాల్లో ఇంకో నియమం, పైదాన్ని కొట్టేస్తూ. నేను పదో తరగతి తెలుగు మీడియం. ప్రభాకర్‌కు ఇంగ్లీషు మెషిన్ బోర్డుల వరకే.

మొదటి ఆటలో నా ఎర్రవాళ్లను దగ్గర దగ్గరగా, వరస మీద వరసగా, సందు లేకుండా నిలబెట్టాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ప్రభాకర్ ఒక్క ఫిరంగి పేల్చాడు. గుండు మొదటి వరసలోంచి చివరి వరస దాకా పోయింది. కిక్కిరిసి ఉంటే ఎక్కువమంది పడతారట.

"అన్నా, గిది కట్టె పేర్చుడు కాదే!" అని పడీ పడీ నవ్వాడు.

నేను ఒక్కో జట్టునూ దళం అంటుంటే, చింతపండు గింజలు తీస్తున్న అమ్మ కసిరింది. "గా మాట ఇంట్ల అనకు. ఎవడన్న ఇంటే మనల్ని ఠాణాకు తీస్కపోతడు." అప్పటి నుంచి జట్టు అంటున్నాం.

డిపోలో కూడా నోట్లో అదే. మనిషి ఆరంగుళాలు, గుర్రం పన్నెండు, అడవిలో సగం... టేపు పట్టుకుని గొణుక్కుంటుంటే మేస్త్రీ వచ్చి, "గుర్రం కట్టె ఏందయ్యా, కొత్త రకమా?" అని అడిగాడు. మీ వదిన అయితే, "గీ వయసుల బొమ్మలాట పట్టింది ఈయనకు" అని చేనుకు వచ్చే కూలీలందరికీ చెప్పింది.

నాలుగైదు ఆదివారాలకు ఇద్దరమూ ఒక చోట ఇరుక్కున్నాం. ఫిరంగిని ముందుకు జరిపి అదే వంతులో పేల్చాను. కూడదన్నాడు ప్రభాకర్. ఎందుకు కూడదన్నాను. పుస్తకం తీశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అప్పుడు వంటింటి తలుపు వెనక నుంచి మెల్లగా ఒక గొంతు.

"అత్తమ్మా, ఆ పుస్తకం ఒకసారి ఇటియ్యమని చెప్పు."

అమ్మ చెప్పింది. ప్రభాకర్ ఇచ్చాడు. అమ్మ తీసుకుపోయి లోపల ఇచ్చింది. పేజీలు తిప్పిన చప్పుడు.

"అత్తమ్మా, జరిగిన వంతులో ఫిరంగి పేలదని చెప్పు."

"ఇన్నరా? నడిస్తే పేలదట. కూసుంటేనే పేలుతదట," అన్నది అమ్మ. ఆగి, తనే అడిగింది. "అట్లయితే గంత బరువు మోసుకొచ్చుడెందుకు?"

అప్పటి నుంచి ఆట అట్లా నడిచింది. నాకు అనుమానం వస్తే అమ్మకు చెప్పాలి. అమ్మ తలుపు దగ్గరికి పోవాలి. తలుపు వెనక సుజాత చదవాలి. జవాబు అమ్మ నోట్లోంచి మాకు రావాలి. వచ్చేసరికి అది ఇంకేదో అయ్యేది. 'గుర్రపు జట్టు అడవిలోకి ప్రవేశించరాదు' అని ఆమె చెబితే, అమ్మ వచ్చి, "గుర్రాలను అడవిల మేపొద్దట" అనేది. ఒక వంతు పూర్తయ్యేసరికి టీ రెండుసార్లు కాగేది. నువ్వు చూసి ఉంటే ఏమనేవాడివో... నవ్వేవాడివే అనుకుంటాను.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం. నా ఎర్రవాళ్లను ఏటి గట్టు మీదికి నడుపుతున్నాను. అమ్మకు పుస్తకం మోసి మోసి విసుగొచ్చి, పిల్లా నువ్వే రా అంటే, సుజాత గుమ్మం దాకా వచ్చి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. నేను టేపు పెట్టి, ఆరంగుళాలు చూసి, బొమ్మను జరిపాను.

"తప్పు బావా."

గదిలో చప్పుడు ఆగిపోయింది. అమ్మ చేతిలో చింతపండు అట్లాగే ఉంది. సుజాత మొహం ఎర్రబడింది. ఆమె పెళ్లయి వచ్చాక నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఆమె లోపలికి పోతుంది. టేపు వైపే చూస్తూ, "ఎంత తప్పు?" అన్నాను.

"అరంగుళం ఎక్కువ. ప్రతిసారీ అంతే. మొదటి నుంచి చూస్తున్న."

ప్రభాకర్ టేపు లాక్కుని కొలిచాడు. నిజమే. అరంగుళం. మోసం అనుకోకు. డిపోలో మా చేయి అట్లా పడిపోయింది. పచ్చి కట్టె ఎండితే కుంగుతుంది, అందుకని కొలతకు పైన నాలుగు వేళ్లు ఎక్కువ పేర్పిస్తాం. ఇన్నేళ్లుగా ఏది కొలిచినా నా చేయి దానంతట అదే కొంచెం ముందుకు పోయి ఆగుతుంది.

విషయం చెప్పాను. ప్రభాకర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "సైనికులు ఎండి కుంగుతరా అన్నా? ఎండాకాలం వరకు ఆగి చూద్దామా?"

తలుపు దగ్గర సుజాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని భుజాలు చూస్తే తెలిసింది.

తర్వాతి ఆదివారం ప్రభాకర్ ముందు గదిలోంచి కుర్చీ తెచ్చి చెక్కకు ఒక పక్కన వేశాడు. "అంపైర్ నిలబడితే ఆటగాళ్లు కూసోవద్దు. పుస్తకంల ఉన్నది" అన్నాడు. ఉందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. సుజాత కూర్చోలేదు. తలుపు వదల్లేదు.

నేను నా పీట మీద నుంచి లేచాను.  నిలబడే నా జట్లను జరిపాను. ప్రభాకర్ కూడా లేచాడు. ఇద్దరమూ నడుములు వంచుకుని ఆడుతున్నాం. నా మోకాలి నొప్పి సంగతి నీకు తెలుసు కదా. అమ్మ కాసేపు చూసింది.

"కూసో పిల్లా. నువ్వు కూసుంటేగాని గీ ముసలోడు కూసోడు. రేపు డిపోకు నేను మోసుకపోవాల్నా ఈన్ని?"

సుజాత కూర్చుంది. కుర్చీ అంచు మీద, ఎప్పుడైనా లేచేలా. మేమూ కూర్చున్నాం.

మీ వదిన చేను నుంచి వచ్చి చూసి, గుమ్మంలోనే ఆగింది. నీళ్లు తాగడానికి పోయింది. ఆ తర్వాత బొమ్మలాట అని ఎవరికీ చెప్పలేదు.

ఆమె మంచి అంపైర్ తమ్ముడూ. బావ అని లేదు, నీ దోస్తు అని లేదు. ఒకసారి నేను అడవి నియమం మీద తగువు పెట్టుకున్నాను. అడవిలో సగం నడకేమిటి? మనం అడవిలో నడిచినంత జోరుగా దున్నిన రేగడిలో నడవగలమా? పుస్తకం రాసినవాడు అడవి చూడలేదన్నాను. ప్రభాకర్ కూడా అవ్ అన్నాడు, తన నీలివాళ్లు కూడా అడవిలోనే ఉన్నారు కాబట్టి. సుజాత పుస్తకం ఒళ్లో పెట్టుకుంది.

"తెలిసినోళ్లయితే మీరన్నట్టే జోరుగ నడుస్తరు బావా. కానీ వీళ్లిద్దరూ పరాయి దేశపోళ్లే గదా. సగమే."

ఇంక మాట్లాడేదేముంది?

అమ్మ కూడా ఊరుకోలేదు. నేను పాచిక వేస్తే ఎప్పుడూ ఒకటో రెండో. "ఇటు తే. గవ్వలేసిన చెయ్యి ఇది" అని తీసుకుంది. అప్పటి నుంచి ఎర్రవాళ్ల పాచికలు అమ్మవే. గుప్పిట్లో ఊది వేస్తుంది. జూదం ఇంట్లోకి వచ్చిందని మొదట్లో గొణిగింది ఈమెనేనా అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి.

ఆటలో చూపు నియమం ఒకటుంది, నీకు తెలుసు. సైనికుడు పేల్చాలంటే శత్రువు వాడికి కనపడాలి, మనకు కనపడితే చాలదు. అందుకని మనం వంగి, చెంప చెక్కకు ఆనించి, ఆ వేలి కణుపంత మనిషి నిలబడ్డ చోటి నుంచి ఒక కంటితో చూడాలి. మాఘమాసంలో ఒక రోజు అట్లా వంగి చూస్తున్నాను. వెదురు పుల్లలతో చేసిన అడవి, జామాయిల్ బెరడు గుట్ట, వాటి సందులోంచి నీలికోట్లు. వాటి అవతల చెక్క అంచున ప్రభాకర్ టీ గ్లాసు, అతని మోచేతికి ఆనుకుని. అతను పాచికల కోసం చేయి చాపబోతున్నాడు. సుజాత పుస్తకంలోంచి తల ఎత్తకుండానే ఆ గ్లాసును పక్కకు జరిపింది. కాసేపటికి అతను కూడా చూడకుండానే, ఆమె పెట్టిన చోటికే చేయి పోనిచ్చి గ్లాసు తీసుకుని తాగాడు.

అంతే. ఇంకేమీ లేదు. ఒక్క మాట లేదు, ఒక్క చూపు లేదు.

"కనపడుతున్నదా అన్నా?" అని ప్రభాకర్ అడిగాడు, తన జట్టు సంగతి.

"లేదు" అన్నాను. కనపడుతూనే ఉంది. నా వంతు పోయింది.

ఆ వారం డిపోలో రెండుసార్లు కొలత తప్పాను. నీకు కోపం వస్తుందా? నీ దోస్తు, నీ భార్య. నువ్వు వాళ్లను పక్కపక్కన చూస్తే ఏమనేవాడివి? ఇద్దరికీ నేనే అన్నం పెట్టించాను, ఆమె కుర్చీలో కూర్చునేలా నేనే లేచి నిలబడ్డాను. అట్లా అని తప్పు ఎక్కడుందో వెతికితే నాకు దొరకలేదు. నువ్వు మెషిన్ పనిలో చిక్కుపడితే, "ముందు ఏది చెడిపోయిందో చూడన్నా, చెడిపోనిదాన్ని ఇప్పకు" అనేవాడివి. అది గుర్తొచ్చింది. చెడిపోయింది ఏమీ లేదు. ఇప్పి చూడాల్సింది లేదు.

ఉగాది తర్వాత లింగయ్య వచ్చాడు. ముదిగొండలో ఒక సంబంధం చూశానన్నాడు. కాలువ కింద పొలం ఉంది, భార్య పోయింది, ఇద్దరు పిల్లలు. మంచివాడేనన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు లింగయ్య. చెల్లెలు ఒకరి గుమ్మంలో ఎన్నాళ్లుంటుందన్న బాధ అతనిది. ఒక ఆదివారం వచ్చి చూపించడానికి తీసుకుపోతానని చెప్పి వెళ్లాడు.

అమ్మ సుజాతను అడిగింది. "మీ ఇష్టం అత్తమ్మా" అని లోపలికి పోయిందట. "మీ ఇష్టం అంటే ఇష్టం లేదని గదరా" అని అమ్మ నాతో అన్నది. అని, అక్కడితో ఊరుకుంది.

ప్రభాకర్ ముదిగొండ సంగతి విన్నాడు. ఆ ఆదివారం అతని నీలివాళ్లు ఒక్క వంతులో కూడా ముందుకు నడవలేదు. ఏమీ అడగలేదు. అడిగే మనిషి కాదు. నేనూ కాదు.  అమ్మానాన్న లేనివాడు, చర్చి హాస్టల్లో పెరిగినవాడు, అతని తరఫున వచ్చి అడిగే పెద్దమనిషి ఎవరు?

మీ వదిన నన్ను దొడ్లో పట్టుకుంది.

"నీకు కండ్లున్నయా లేవా?"

"ఉన్నయి."

"మరి నోరేమైంది?"

 బావ మాట్లాడకూడని సంగతి అది. అమ్మ మాట్లాడాలి, లేకుంటే లింగయ్య మాట్లాడాలి. అని నాకు నేను చెప్పుకున్నాను.

చెప్పిన ఆదివారం లింగయ్య జీపు మాట్లాడుకుని వచ్చాడు. ఎండ మండుతోంది. మేం ఆటలో ఉన్నాం. అతను గుమ్మంలో నిలబడి తువ్వాలతో మొహం తుడుచుకుంటూ చూశాడు. మంచం మీద చెక్క, చెక్క మీద సైన్యాలు, ఒక పక్క నేను, ఒక పక్క ప్రభాకర్, మధ్యలో కుర్చీలో అతని చెల్లెలు. అమ్మ గుప్పిట్లో పాచికలు.

"గిదేంది?" అన్నాడు.

"ఆట. కాళ్లు కడుక్కో," అన్నది అమ్మ.

"బావ ముందల కుర్చీల కూసునుడేంది?"

"నేనే కూసోమన్న. నా ఇంట్ల నేను చెప్పినట్టు కూసుంటది. నువ్వు కూడ కూసో."

లింగయ్య కూర్చోలేదు. "సుజాతా, జల్దీ చీర మార్చుకో. వాళ్లు ఎదురుచూస్తరు." ఆమె లేవలేదు. పుస్తకం మీద వేలు పెట్టుకుని అట్లాగే ఉంది. అతని చూపు ప్రభాకర్ మీదికి పోయింది. "గీయన ఎవరు? ఆదివారం ఆదివారం వస్తడటగా. ఎందుకొస్తున్నడు?"

ప్రభాకర్ నోరు తెరిచాడు. 

"సంబంధం అడగనీకి వచ్చిండు," అన్నాను.

అన్నది నేనే తమ్ముడూ. నా గొంతు నాకే వినపడింది. ప్రభాకర్ నన్ను ఏమీ అడగలేదు. నేను అతన్ని ఏమీ అడగలేదు. అమ్మకు చెప్పలేదు. ఎవరి వంతూ కాని చోట నేను నడిచాను. అమ్మ నా వైపు చూసింది. మీ వదిన వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. లింగయ్య మొహం నల్లబడింది.

"ఏమయ్యా, నిజమేనా?"

ప్రభాకర్ లేచి నిలబడ్డాడు. అతని చేయి తగిలి నీలివాళ్లు నలుగురు పడ్డారు. "అన్న చెప్పింది..." అని ఆగాడు.

అప్పుడు సుజాత పుస్తకం మూసింది. నా వైపే తిరిగింది.

"బావా, అడగకముందే మీరు చెప్పిన్రు." కోపం లేదు ఆ గొంతులో. ఆటలో తప్పు చెప్పే గొంతే. తర్వాత ప్రభాకర్ వైపు చూసింది. "నన్నెవరూ అడగలే. అడగాలనుంటే అడుగున్రి. లేకుంటే నేను చీర మార్చుకుంట."

ప్రభాకర్ ఆమెను మేడం అంటాడు, టీచరు కదా. అందరి ముందూ, చెమటలు కారుతూ, "నన్ను చేసుకుంటరా మేడం?" అని అడిగాడు.

"అవ్," అన్నది సుజాత.

లింగయ్య వైపు తిరిగి, "అన్నా, ముదిగొండోళ్లకు చెప్పు. వాళ్లను ఎండల కూసోబెట్టకు," అన్నది.

లింగయ్య అన్నం తినకుండానే జీపెక్కాడు. నేను రోడ్డు దాకా వెనకాలే పోయాను. అతను ఒక్కటే అన్నాడు. "నాకు ముందే చెప్తే ఏమైతుండె బావా?"  నాకే ముందు తెలియదని చెబితే నమ్మేవాడా?

నేను తిరిగి వచ్చేసరికి అమ్మ ప్రభాకర్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. మన ఇంట్లో కూర్చోబెట్టి ఎన్నిసార్లు అన్నం పెట్టిందో ఆ మనిషినే, కొత్తవాడిని అడిగినట్టు అడుగుతోంది. "మీ చర్చిల మా పిల్లను బొట్టు పెట్టుకోనిస్తరా?"

"ఆమె ఇష్టం పెద్దమ్మా."

అమ్మ సుజాత నుదురు వైపు చూసింది. రెండేళ్లుగా బోసిగా ఉన్న నుదురు. చేతిలో పాచికలు చెక్క మీద పెట్టేసి లేచి లోపలికి పోయింది. చాలాసేపు బయటికి రాలేదు. అమ్మ ఏడ్చిందా, నీ ఫోటో దగ్గర నిలబడిందా, నాకు తెలియదు. మీ వదిన పోబోతే నేనే వద్దన్నాను.

పెళ్లి గుళ్లో అని ఒకరు, చర్చిలో అని ఒకరు అనకముందే ఇద్దరూ రిజిస్టరు ఆఫీసు అన్నారు. నెల రోజుల నోటీసు పెట్టాలట. ఆ నెల మంచిదే అయింది. మొదటి వారం లింగయ్య ఫోను ఎత్తలేదు. రెండో వారం ఎత్తి మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు తనే సారపాక పోయి ప్రభాకర్ ఉండే కిరాయి ఇల్లు చూసి, నీళ్లు సరిగా రావడం లేదని ఇంటాయనతో కొట్లాడి వచ్చాడట. అప్పుడు నాకు నమ్మకం కలిగింది.

పోయిన వారం ఆఫీసులో సాక్షులుగా నేనూ లింగయ్యా సంతకాలు పెట్టాం. అమ్మ రెండు బంతిపూల దండలు గుచ్చి తెచ్చింది. అక్కడే, గుమస్తా ముందే, కుంకుమ భరిణె తీసి సుజాతకు తనే బొట్టు పెట్టింది. ఆఫీసులో అట్లాంటివి కుదరవని గుమస్తా అనబోయి ఊరుకున్నాడు.

నీ ఫోటో ఒకటి తీసుకుపోతానని సుజాత అమ్మను అడిగింది. ప్రభాకర్ అప్పటికే గోడకు మేకు కొట్టి వచ్చాడట. అది వినగానే నాకు కొంచెం తేలికైంది. నీకు?

బొమ్మల పెట్టె ఇక్కడే ఉంచమన్నారు. ఆదివారాలు వస్తామన్నారు. రాగలరో లేదో, కొత్త సంసారం. రాకపోయినా ఇబ్బంది లేదు. మీ వదిన నిన్న నన్ను పక్కకు పిలిచి, పారిపోయిన జట్టును మళ్లీ ఎట్లా నిలబెడతారో చెప్పమంది. చెప్పాను. సగం తప్పు చెప్పాను. పుస్తకం చూసి సరిగా చెబుతానని మాటిచ్చాను. ఇంగ్లీషు మెల్లగా కూడబలుక్కుంటున్నాను. ఒక్క పేరా చదవడానికి పూట పడుతోంది... పట్టనీ.

నీకు అన్నీ చెప్పాననుకుంటాను. అమ్మ ఆరోగ్యం బాగుంది. పత్తి మొలక బాగుంది. ముసురు ఇట్లాగే ఉంటే చెప్పలేం.

నిన్న ఆదివారం భోజనాలయ్యాక వాన కాసేపు ఆగింది. సుజాత, ప్రభాకర్ మూడున్నరకు బండి మీద సారపాకలో తమ ఇంటికి వెళ్లారు.